శేరిలింగంపల్లికీ ఒక్కరే, భద్రాచలానికీ ఒక్కరే

2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగింది. ఆ రోజు హైదరాబాద్ అంచున ఉన్న శేరిలింగంపల్లి ఓటర్ల జాబితాలో ఏడు లక్షలకు పైగా పేర్లున్నాయి. గోదావరి ఒడ్డున గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో ఉన్న భద్రాచలం జాబితాలో లక్షన్నర కూడా లేవు. రాష్ట్రంలో అతి పెద్ద జాబితా అది, అతి చిన్నది ఇది. రెండు చోట్లా గెలిచేది మాత్రం ఒక్కో ఎమ్మెల్యేనే. సభలో ఇద్దరికీ ఒకే ఓటు. అంటే, భద్రాచలంలో ఒక్క ఓటరుకున్న బరువు శేరిలింగంపల్లిలో దాదాపు ఐదుగురు కలిస్తే గానీ రాదు.

ఈ లెక్క బయటికి రాగానే చర్చ రెండుగా చీలిపోతుంది. నగరానికి అన్యాయం జరుగుతోందని ఒకరు, ఏజెన్సీ సీట్ల జోలికి రావద్దని మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ అసలు ముడి ఉన్నది నగరానికీ ఏజెన్సీకీ మధ్య కాదు. అది ఎక్కడ పడిందో తెలియాలంటే పాత లెక్కల దగ్గరికి వెళ్లాలి.

రాజ్యాంగం 170వ అధికరణ చెప్పేది సూటిగానే ఉంది. ఒక రాష్ట్రంలో నియోజకవర్గానికీ నియోజకవర్గానికీ మధ్య జనాభా, వీలైనంత వరకు, సమానంగా ఉండాలి. ఇప్పుడు అమల్లో ఉన్న సరిహద్దులను జస్టిస్ కుల్‌దీప్ సింగ్ నాయకత్వంలోని డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) కమిషన్ 2001 జనగణన ఆధారంగా గీసింది. అప్పటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7.62 కోట్లు, శాసనసభ స్థానాలు 294. సగటున ఒక్కో స్థానానికి 2.59 లక్షల మంది. ముందు ఏ జిల్లాకు ఎన్ని సీట్లో తేల్చి, తర్వాత జిల్లా లోపల గీతలు గీశారు. శేరిలింగంపల్లి ఉన్న పాత రంగారెడ్డి జిల్లాకు 14 సీట్లు వచ్చాయి. 35.75 లక్షల జనాభాను 14తో భాగిస్తే 2.55 లక్షలు. భద్రాచలం ఉన్న పాత ఖమ్మం జిల్లాకు 10 వచ్చాయి. 25.79 లక్షలను పదితో భాగిస్తే 2.58 లక్షలు. హైదరాబాద్ జిల్లాకు 15 ఇచ్చారు. అక్కడా 2.55 లక్షలే.

అంటే కాగితం మీద పని చక్కగానే జరిగింది. నగరం చుట్టూ ఉన్న జిల్లాకూ, గోదావరి ఒడ్డున అడవుల జిల్లాకూ తేడా సీటుకు మూడు వేల మందే. శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్, రాజేంద్రనగర్, ఉప్పల్ నియోజకవర్గాలు పుట్టింది ఆ పునర్విభజనలోనే. 1971 జనగణన నాటి గీతలతోనే 2004 ఎన్నికల దాకా లాక్కొచ్చారు. దాంతో ఒక్క ఖైరతాబాద్ నియోజకవర్గమే మహానగరమంత అయ్యి కూర్చుంది. 2009 ఎన్నికల్లో కొత్త గీతలు అమల్లోకి వచ్చాక ఆ భారం చెదిరింది.

చిక్కేమిటంటే, ఆ గీతలు అమల్లోకి వచ్చేనాటికే 2001 లెక్క పాతబడిపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలో కంపెనీలు, అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు లేచాయి. 2011 జనగణనలో పాత రంగారెడ్డి జిల్లా జనాభా 52.97 లక్షలు. పదేళ్లలో 48 శాతం పెరిగింది. సీట్లు అవే 14. సగటు 3.78 లక్షలకు చేరింది. ఖమ్మం 27.97 లక్షల దగ్గర ఉంది, సగటు 2.80 లక్షలు. మూడు వేల తేడా పదేళ్లలో లక్షకు దగ్గరైంది. ఆ తర్వాత ఎంత పెరిగిందో చెప్పే జనగణనే లేదు. 2021లో జరగాల్సింది జరగలేదు.

ఇక హైదరాబాద్ జిల్లా సంగతి. 2001లో 38.30 లక్షలున్న జిల్లా 2011లో 39.43 లక్షలకు వచ్చింది. పెరిగింది మూడు శాతమే. సీటుకు సగటు 2.63 లక్షలు. అదే ఏడాది తెలంగాణ ప్రాంతం మొత్తం సగటు 2.96 లక్షలు. అంటే చార్మినార్, యాకుత్‌పురా, ముషీరాబాద్ ఉన్న అసలు నగరానికి జనాభా ప్రకారం రావాల్సిన దానికన్నా ఒకటి రెండు సీట్లు ఎక్కువే ఉన్నాయి. నష్టపోయింది నగరం కాదు, నగరం అంచు. నిన్నమొన్నటి దాకా పంచాయతీలుగా, మున్సిపాలిటీలుగా ఉండి, ఇప్పుడు ఆకాశహర్మ్యాలుగా మారిన చోట్లు. "హైదరాబాద్‌కు అన్యాయం" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు ఈ తేడాను చూడటం లేదు. చూడకపోతే రేపటి పునర్విభజనలో పాతబస్తీకీ, శేరిలింగంపల్లిలోని చందానగర్‌కూ ఒకే మందు వేస్తారు.

మామూలుగా కనిపించని ఇంకో చిక్కు ఉంది. పత్రికల్లో నియోజకవర్గాలను పోల్చేటప్పుడు ఓటర్ల సంఖ్య వాడతాం. ఈ వ్యాసం మొదట్లో నేను చేసిందీ అదే, ఎందుకంటే తాజాగా దొరికే లెక్క అదొక్కటే. కానీ రాజ్యాంగం చూసేది ఓటర్లను కాదు, జనాభాను. చంటిపిల్లలు, బడి పిల్లలు, ఓటు నమోదు చేసుకోనివాళ్లు, ఓటు సొంతూళ్లో పెట్టుకుని ఇక్కడ బతుకుతున్నవాళ్లు, అందరూ జనాభాలో ఉంటారు. జనగణన మనిషిని సాధారణంగా నివసించే చోట లెక్కపెడుతుంది. ఓటర్ల జాబితా అతను పేరు రాయించుకున్న చోట లెక్కపెడుతుంది.

శేరిలింగంపల్లి లాంటి చోట ఈ రెంటికీ మధ్య పెద్ద అగాధమే ఉంది. 2024 మే 13న తెలంగాణలో లోక్‌సభకూ, ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. దానికి ముందు రెండు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. బస్సుల్లో సీట్లు లేవు. ఆ కార్లలో వెళ్లినవాళ్లు గుంటూరు, గోదావరి, ప్రకాశం జిల్లాల ఓటర్లు. కానీ వాళ్ల ఇంటి ముందు డ్రైనేజీ పొంగితే, పిల్లల బడి దగ్గర రోడ్డు దాటడానికి వంతెన కావాలంటే అడగాల్సింది ఇక్కడి ఎమ్మెల్యేనే. ఆయన మోస్తున్న జనం ఓటర్ల జాబితా చూపించే దానికన్నా చాలా ఎక్కువ. నగరంలో పోలింగ్ శాతం తక్కువ కాబట్టి సీట్లు ఎందుకని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నకు రాజ్యాంగంలో చోటే లేదు. ప్రాతినిధ్యం ఓటు వేసినవాడికే కాదు, వేయనివాడికీ, వేసే వయసు రానివాడికీ ఉంటుంది.

సీటు లెక్కలో తేడా వస్తే ఇంట్లో ఏం మారుతుంది అనిపించవచ్చు. చాలా మారుతుంది, ఎందుకంటే మన ప్రభుత్వాలు నియోజకవర్గాన్ని ఎన్నికలకే కాదు, పంపకాలకూ కొలతగా వాడుతున్నాయి. తెలంగాణలో ఎమ్మెల్యేల నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏటా 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచారు. శేరిలింగంపల్లిలో అది ఓటరుకు 70 రూపాయల చుట్టూ తిరుగుతుంది. భద్రాచలంలో 330 దాటుతుంది. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. మొదలుపెట్టింది భద్రాచలంలోనే. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అని లెక్క చెప్పారు. వినడానికి అందరికీ సమానమే. జనం లెక్కలో చూస్తే సమానం కాదు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. భద్రాచలానికి మనిషికి ఎక్కువ డబ్బు అందడం తప్పని నేను అనడం లేదు. అక్కడి అవసరం ఎక్కువ. కానీ ఎక్కువ ఇవ్వాలనుకుంటే అవసరాన్ని కొలిచి ఇవ్వాలి. పాతికేళ్ల నాటి జనగణన అనుకోకుండా తెచ్చిపెట్టిన తేడా వల్ల కాదు. అలా అనుకోకుండా వచ్చింది రేపు అనుకోకుండానే పోతుంది.

భద్రాచలం కథ విడిగా చెప్పుకోవాలి. ఆ నియోజకవర్గం చిన్నదిగా పుట్టలేదు, చిన్నదైంది. 2009లో అందులో భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు మండలాలతో పాటు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం కూడా ఉండేవి. 2014 ఏప్రిల్ 30న ఈ మండలాలన్నీ కలిసే ఓటు వేసి సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్యను గెలిపించాయి. రాష్ట్రం విడిపోతున్న ఆ రోజుల్లోనే పోలవరం ముంపు పేరుతో ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో చట్టమైంది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని మిగతా గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. బూర్గంపహాడ్‌లో కొంత, కుక్కునూరు, వేలేరుపాడు కూడా వెళ్లాయి. వాళ్లు ఓటు వేసి గెలిపించిన ఎమ్మెల్యే హైదరాబాద్‌లో తెలంగాణ సభలో కూర్చున్నారు. వాళ్ల రేషన్ కార్డు, పింఛను, పునరావాస ప్యాకేజీ నిర్ణయించేది మాత్రం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. రాజయ్య సొంతూరు కూడా ఆంధ్రలో కలిసిన వరరామచంద్రపురం మండలంలోదే.

ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఆ మండలాల ఓటర్లు మొదటిసారి ఓటు వేసింది 2019లో. చింతూరు, కూనవరం లాంటివి రంపచోడవరం నియోజకవర్గంలోకి, కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలోకి వెళ్లాయి. ఇల్లూ పొలమూ మునిగిపోతున్న మనుషులకు, వాళ్ల తరఫున ప్రశ్న అడగడానికి సొంత ఎమ్మెల్యే అత్యవసరమైన ఆ ఐదేళ్లలోనే, వాళ్లు ఎన్నుకున్న ఎమ్మెల్యే ఆ సభలో లేడు. జనాభాకూ ప్రాతినిధ్యానికీ బంధం తెగిపోతే ఏమవుతుందో నాకు తెలిసి తెలుగు నేల మీద ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ లేదు. దాని గురించి జరిగిన చర్చ చాలా తక్కువ.

భద్రాచలానికి మిగిలింది పట్టణం, గోదావరి వెంబడి పైకి పోయే దారి. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. పట్టణం నుంచి వాజేడు దాకా దాదాపు వంద కిలోమీటర్లు. ఒక పక్క నది, మరో పక్క ఛత్తీస్‌గఢ్ అడవులు. మళ్లీ ఈ ఐదింటిలో వెంకటాపురం, వాజేడు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నాయి, మిగతావి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో. ఎమ్మెల్యే ఒకరే, కలెక్టర్లు ఇద్దరు. శేరిలింగంపల్లి ఎమ్మెల్యేకు జనం ఎక్కువ, దూరం తక్కువ. ఇక్కడ జనం తక్కువ, ఒక్క గూడేనికి వెళ్లి రావడానికే ఒక రోజు పోతుంది. డీలిమిటేషన్ చట్టం కూడా ఈ సంగతిని గుర్తించింది. సరిహద్దులు గీసేటప్పుడు భౌగోళిక స్థితి, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలని 9వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి భద్రాచలం సగటుకన్నా కొంత చిన్నదిగా ఉండటం న్యాయమే. సగటుకు సగంగా ఉండటాన్ని సమర్థించడమే కష్టం.

అమెరికాలో ఈ వాదన అరవై ఏళ్ల కిందటే తేలింది. అలబామా రాష్ట్రం 1900 జనగణన నాటి సీట్లతోనే 1960ల దాకా నెట్టుకొచ్చింది. ఆ రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల మధ్య జనాభా తేడా 41 రెట్ల దాకా పోయింది. 1964లో రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. చట్టసభ సభ్యులు మనుషులకు ప్రతినిధులు, చెట్లకో ఎకరాలకో కాదని చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్ రాశారు. అప్పటినుంచి అక్కడ ప్రతి జనగణన తర్వాతా రాష్ట్రాల్లో నియోజకవర్గాలను తిరగగీస్తారు. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఇది తెలిసిందే. అయితే చాలా రాష్ట్రాల్లో గీసేది అధికార పార్టీయే కావడంతో, జనాభా సమానంగా ఉంచుతూనే ఎదుటి పార్టీ ఓట్లను చీల్చే విద్య అక్కడ ముదిరిపోయింది. ఆ విషయంలో మన పద్ధతి మెరుగు. ఇక్కడ కమిషన్‌కు సుప్రీంకోర్టు న్యాయమూర్తి నాయకత్వం వహిస్తారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు ఉండదు.

మరి మన దగ్గర పదేళ్లకోసారి ఎందుకు జరగడం లేదు? 1976లో 42వ రాజ్యాంగ సవరణ 1971 జనగణన దగ్గర సీట్ల లెక్కను ఆపేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు లోక్‌సభలో సీట్లు పోగొట్టుకోకూడదన్నది కారణం. న్యాయమైన కారణమే. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. కానీ అందులోనే ఒక తెలివైన పని చేసింది. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది కదపకుండా, రాష్ట్రం లోపల గీతలు మాత్రం మార్చుకోవచ్చంది. దానికి మొదట 1991 జనగణనను ఆధారంగా తీసుకుంటే, 2003లో 87వ సవరణ దాన్ని 2001 జనగణనగా మార్చింది. కుల్‌దీప్ సింగ్ కమిషన్ పని చేయగలిగింది అందుకే.

నా దృష్టిలో అసలు ముడి ఇదే. రెండు వేర్వేరు గొడవలను మనం ఒకే మూటగా కట్టేశాం. ఒకటి, ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య లోక్‌సభ సీట్ల పంపకం. అది జటిలం, దానిపై దక్షిణాది రాష్ట్రాల ఆందోళన నిజమైనది. రెండోది, ఒకే రాష్ట్రం లోపల శేరిలింగంపల్లికీ భద్రాచలానికీ మధ్య తేడా. దీన్ని సరిచేస్తే ఉత్తరప్రదేశ్‌కు ఒక్క సీటు పెరగదు, తమిళనాడుకు ఒక్కటీ తగ్గదు. 2011 జనగణన రాగానే 87వ సవరణ లాంటిదే మరొకటి చేసి ఉంటే, ఈ తేడా చాలావరకు సర్దుకునేది. ఎవరూ అడగలేదు, ఎవరూ చేయలేదు.

అడగకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. 119 సీట్లనే అలాగే ఉంచి 2011 లెక్కతో పంచితే పాత రంగారెడ్డికి 14 బదులు 18 వస్తాయి. ఆ నాలుగూ ఎక్కడినుంచో రావాలి. హైదరాబాద్ నుంచి రెండు, ఖమ్మం నుంచి ఒకటి, ఇంకో జిల్లా నుంచి మరొకటి. సీటు పోగొట్టుకునే ఎమ్మెల్యే ఒప్పుకోడు. అందుకే మన నాయకులందరికీ నచ్చిన దారి సీట్లు పెంచడం. రాష్ట్ర పునర్విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆ మాట రాసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 175 నుంచి 225, తెలంగాణకు 119 నుంచి 153. పదేళ్లకు పైగా రెండు రాష్ట్రాల నాయకులూ దీని మీద ఆశ పెట్టుకున్నారు. కానీ ఆ సెక్షన్ మొదట్లోనే 170వ అధికరణకు లోబడి అని ఉంది. అంటే 2026 తర్వాతి జనగణన దాకా ఆగాల్సిందే. జమ్మూకశ్మీర్‌లో చేశారు కదా, ఇక్కడెందుకు చేయరని ప్రొఫెసర్ కె.పురుషోత్తం రెడ్డి సుప్రీంకోర్టుకు వెళ్లారు. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం, దానికి 170వ అధికరణ వర్తించదంటూ 2025 జులై 25న కోర్టు ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది.

153 వస్తే అన్నీ సర్దుకుంటాయా? సీట్లు పెరగడం వేరు, సమానంగా పంచడం వేరు. పాత సగటు లెక్కన జిల్లాకు ఇన్ని అని కలుపుకుంటూ పోతే తేడా అలాగే ఉంటుంది. పైగా ఇప్పుడు తెలంగాణలో పది జిల్లాలు కాదు, 33 ఉన్నాయి. జిల్లాను కొలతగా పెట్టుకుని సీట్లు పంచితే, చిన్న జిల్లాల్లో సీటూ ముక్కా వచ్చినప్పుడు పైకి లెక్కగట్టాలా కిందికా అన్న దానిమీదే ఎంతో ఆధారపడి ఉంటుంది. ములుగు లాంటి జిల్లాలో ఆ ఒక్క నిర్ణయం ఆదివాసీ మండలాల తలరాతను మారుస్తుంది. ఎస్టీ స్థానాలు ఇప్పుడు తెలంగాణలో 12. రాష్ట్ర జనాభాలో గిరిజనుల వాటాను బట్టి ఆ సంఖ్య నిర్ణయమవుతుంది కాబట్టి గీతలు మారినంత మాత్రాన రిజర్వేషన్ పోదు. కానీ ఆ సీట్లు ఎక్కడ ఉంటాయన్నది మారుతుంది. 2009కి ముందు భద్రాచలం పేరుతో ఒక లోక్‌సభ స్థానమే ఉండేది. పునర్విభజనలో అది చాలావరకు మహబూబాబాద్, అరకు స్థానాల్లో కలిసిపోయింది. అక్కడివాళ్ల భయానికి ఆధారం ఉంది.

2025 జూన్‌లో కేంద్రం కొత్త జనగణనకు నోటిఫికేషన్ ఇచ్చింది. మంచు ప్రాంతాలు మినహా దేశానికంతా ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. చట్టం ఇప్పుడున్నట్టే ఉంటే ఆ లెక్కలు అచ్చయ్యాకే కొత్త కమిషన్, కొత్త గీతలు. కిందటిసారి చట్టం 2002లో వచ్చింది, ఎన్నిక 2009లో జరిగింది. ఏడేళ్లు. ఈసారీ అలాగే నడిస్తే, 2027లో లెక్కపెట్టిన జనం కొత్త గీతల మీద ఓటు వేసేది 2030ల మధ్యలో. అప్పటికి శేరిలింగంపల్లి స్థానంలో నగర శివార్లలోని కొల్లూరో, శంకర్‌పల్లో, ఆదిభట్లో ఉండవచ్చు.

కిందటిసారి చట్టం ప్రకారం కమిషన్ ముసాయిదాను ముందు ప్రచురించి, అభ్యంతరాలకు తేదీ పెట్టి, బహిరంగ విచారణలు జరపాలి. ఆ విచారణలకు ఎక్కువగా వెళ్లేది పార్టీల మనుషులే. తమకు పట్టున్న గ్రామం ఎటు పోతుందన్నదే వాళ్ల టెన్షన్. వాజేడు నుంచి ఒకరు లేచి, మా మండలం జిల్లా ఒకటి, నియోజకవర్గం మరొకటి, ఇద్దరు కలెక్టర్ల మధ్య నలిగిపోతున్నామని చెప్పడానికి చట్టం ఇచ్చే అవకాశం అదొక్కటే. చందానగర్ అపార్ట్‌మెంట్ సంఘం తమ కాలనీలో ఎన్ని ఇళ్లు, ఎంతమంది అన్న జనగణన బ్లాకు లెక్కతో రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టడానికీ అదే చోటు. గడువు దాటాక, సరిహద్దుల చట్టాన్ని కోర్టులో ప్రశ్నించరాదనే రాజ్యాంగం 329వ అధికరణ అడ్డుగా ఉన్నందువల్ల కోర్టులో గీతను మార్పించడం చాలా కష్టం.